బిల్లసర్గం గుహల అస్థులు: "ఎప్పుడు దొరికాయి?" అనే ప్రశ్న

పామిడిలో యౌవనస్థుల తరగతిలో ఆదికాండము మొదటి అధ్యాయాలు బోధిస్తూ, బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలలో ప్రాచీన అస్థులు మొదట 1884లో దొరికాయని మేము చెప్పాము. ఒక విద్యార్థి లేచి, "అయ్యగారూ, నేను చదివిన దానిలో 1844 అని ఉంది" అన్నాడు. అచ్చుతప్పు అయి ఉంటుందని మేము దాటవేశాము. తరువాత పరిశీలిస్తే తప్పు మాదేనని తేలింది.

రెండు సంవత్సరాలు ఎలా వచ్చాయి?

మద్రాసు సైన్యపు అధికారి కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహల అస్థులను గూర్చి 1844లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్రాశాడు. కాబట్టి అవి 1844 నాటికే దొరికాయి. ప్రచురణ సంవత్సరము దొరికిన సంవత్సరమే కానక్కరలేదు. అంతకు తరువాత మాత్రం కాదని అది రుజువు చేస్తుంది.

తరువాత, ప్రాచీన మానవుని జాడల కోసము ఈ గుహలను త్రవ్వించమని థామస్ హక్స్‌లీ మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌ను కోరాడు. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఆ పని చేశారు. వారి నివేదికలు 1884, 1885లలో వెలువడ్డాయి. ఎముకతో చేసిన పనిముట్లు దొరికాయని కూడా వారు తెలిపారు. జంతువుల అస్థులను లిడెక్కర్ 1886లో వర్ణించాడు. వీరి పని విస్తారమైనది గనుక వీరి కాలమే "మొదటిది"గా స్థిరపడింది. 1884 మొదటి త్రవ్వకము కాదు, పెద్ద త్రవ్వకము.

దొరికిన కాలము, అస్థుల వయస్సు

ఈ రెంటిని కలపరాదు. వేల్స్‌లోని పావిలాండ్ గుహ ఇందుకు మంచి దృష్టాంతము. అక్కడి మానవ అస్థిపంజరమును 1823 జనవరిలో విలియం బక్‌లాండ్ వెలికితీశాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో భూగర్భ శాస్త్ర బోధకుడు, అభిషిక్త సేవకుడు కూడా. అది రోమీయుల కాలపు స్త్రీదని ఆయన తలంచాడు. అయితే అది యువకునిదని, సుమారు 33,000 సంవత్సరాల నాటిదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. వయస్సు, లింగము రెండూ మారాయి. 1823 మాత్రం మారలేదు. అది ఆనాడే వ్రాతలో నమోదైంది.

బోధకునికి

గుహను గూర్చి ఒక సంవత్సరము చెప్పేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది దొరికిన సంవత్సరమా, ప్రచురించిన సంవత్సరమా, మరల త్రవ్విన సంవత్సరమా? వీలైనంతవరకు ఆ కాలమునకు సమీపమైన వ్రాతను చూడాలి. చిన్న సంగతిలో మనము తేలికగా మాట్లాడితే, పెద్ద సంగతిలో మన మాటను యౌవనస్థులు ఎందుకు నమ్మాలి?

మరుసటి వారము ఆ విద్యార్థి ఎదుటనే మేము దిద్దుకున్నాము. ఆ రోజు తరగతిలో ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి.