మడమ నుంచి ఒక్క రక్తపు బొట్టు

బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్లే రైలు మార్గంలో చకర్‌భాటా ఒక చిన్న స్టేషను. ఈ ప్రాంతంలో ఏ ఇంట బిడ్డ పుట్టినా పెద్దలు గమనించేవి రెండే: గట్టిగా ఏడ్చిందా, పాలు తాగిందా? ఆ రెండూ జరిగితే "బిడ్డ బంగారంలా ఉంది" అని ఊరట చెందుతారు. కాని ఛత్తీస్‌గఢ్‌లో ఆ ఊరట ఒక్కటే చాలదు.

ఇక్కడ సికిల్ సెల్ వ్యాధి విస్తారంగా ఉంది. ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి, సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఈ లక్షణం దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అయితే తొలి నెలల్లో వ్యాధి చిహ్నమేదీ కానరాదు. గర్భంలో ఏర్పడిన ప్రత్యేకమైన హీమోగ్లోబిన్ బిడ్డను కొంతకాలం కాపాడుతుంది. ఆ రక్షణ తొలగిన తరువాత ప్లీహం దెబ్బతింటుంది. సామాన్యమైన జ్వరం కూడా ప్రాణాంతకం కావచ్చు.

ముందే తెలిస్తే కలిగే మేలు ఎంతటిదో 1986లో అమెరికాలో వెల్లడైంది. ఈ వ్యాధి ఉన్న పసిపిల్లలకు రోజూ పెన్సిలిన్ ఇవ్వగా, తీవ్రమైన అంటువ్యాధులు నూటికి 84 వంతులు తగ్గాయి. ఫలితం ఎంత స్పష్టంగా ఉన్నదంటే, ఆ ప్రయోగాన్ని గడువుకు ఎనిమిది నెలల ముందే ముగించారు.

నవజాత శిశువుల పరీక్షకు బాట వేసినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ గుత్రీ. ఆయన కుమారుడు బుద్ధిమాంద్యంతో పుట్టాడు. భార్య సోదరి కుమార్తెకు ఫినైల్‌కీటోన్యూరియా అనే వ్యాధి ఉన్నట్లు ఆలస్యంగా బయటపడింది. అప్పటికే మెదడు దెబ్బతిన్నది. ఆ వేదనలో నుంచి, మడమను సూదితో గుచ్చి, రక్తపు బొట్టును వడపోత కాగితానికి అద్ది పరీక్షించే పద్ధతి 1960 దశకంలో రూపొందింది.

ఆ కాగితమే నేడు మరెన్నో వ్యాధుల ఆచూకీ చెబుతోంది. హైదరాబాదులో 18,300 మంది శిశువులను పరీక్షించిన ఒక అధ్యయనం 2004లో ప్రచురితమైంది. సుమారు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉన్నట్లు అందులో తేలింది. ఈ లోపానికి మందు చిన్న మాత్ర మాత్రమే. తొలి రెండు వారాలలో మొదలుపెడితే బిడ్డ తెలివితేటలు సాధారణంగా వికసిస్తాయి. జాగు చేస్తే కలిగిన నష్టం పూర్తిగా పూడదు.

బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలోని షహడోల్‌లో 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ఆరంభమైంది. 17 రాష్ట్రాలలో, పుట్టిన బిడ్డ మొదలు నలభై ఏళ్ల వయసువారి వరకు ఏడు కోట్ల మందిని పరీక్షించడం దాని సంకల్పం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కూడా అందులో ఉన్నాయి.

సాధారణంగా శిశువు పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి రక్తం తీస్తారు. తొలి పరీక్షలో అనుమానం కలిగినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు కాదు. రెండవ పరీక్షతో నిర్ధారించుకోవాలి. అందుచేత ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తీసుకువెళ్లే ముందు తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు రెండు: "మడమ రక్తం పరీక్షకు తీశారా? ఫలితం ఎప్పుడు తెలుస్తుంది?"