పాతకారునకు అయిదవ గేరు



నేటి ప్రసంగ విషయము పాతకారునకు అయిదు గేర్ల పెట్టె నమర్చుట. ముప్పదియైదేండ్లు పద్యములును వ్యాకరణమును చెప్పినవానికి ఈ విషయమేల యని తమరు శంకింపవచ్చును. మా యింట 1977వ సంవత్సరపు అంబాసిడరు కారొకటి కలదు. దానికి నేను అయిదవ గేరు పెట్టించితిని. అది మొదలు రచ్చబండకడ కూర్చున్న ప్రతివారును "పంతులుగారూ, బండికి బలము పెరిగినదా?" అని యడుగుచునే యున్నారు. సమాధానము ముందే చెప్పెదను. బలము పెరుగలేదు; పెరుగదు కూడ. ఇంజనుకు కొంత విశ్రాంతి దొరికినది. అంతియే.

ఆ విశ్రాంతి మా కేల కావలసివచ్చెనో చెప్పవలెను. కారు మా అన్నగారిది. వారికిప్పుడు డెబ్బది యెనిమిదేండ్లు. మూత్రపిండముల జబ్బువలన వారమునకు రెండు మారులు పట్టణములోని ఆసుపత్రికి పోయి రక్తశుద్ధి చేయించుకొనవలెను. దూరము తొంబది కిలోమీటర్లు. ఈనాటి కార్లలో ఆసనము పల్లము. వారి మోకాళ్లు వంగవు. అంబాసిడరు ఆసనము అరుగువలె ఎత్తుగా నుండుటచేత అందులోనే వారికి సుఖము. కాని పెద్దరోడ్డుమీద గంటకు ఎనుబది కిలోమీటర్ల వేగము రాగానే ఇంజను రొద భరింపరానిదయ్యెడిది. పోవునప్పుడు ఎట్లో ఓర్చుకొనెడివారు. చికిత్స ముగిసి నీరసముతో తిరిగివచ్చునప్పుడు చెవులు మూసికొని కూర్చుండెడివారు.

ఇది బండి తప్పు కాదు. అంబాసిడరు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ వరుస కారునుండి పుట్టినది. హిందూస్థాన్ మోటార్సు వారు దానిని 1957 మొదలు 2014 వరకు వంగదేశమందలి ఉత్తరపాడాలో తయారుచేసిరి. అది పుట్టిననాటి మన రోడ్లపై నలుబది, యేబది కిలోమీటర్లు పోవుటయే గొప్ప. ఆ వేగమునకు నాలుగు గేర్లు చాలును.

గేరుపెట్టె చేయు పని యెట్టిదో కొంచెము చూతము. మొదటి గేరులో ఇంజను మూడు చుట్లకు పైగా తిరిగినగాని వెనుకకు పోవు షాఫ్టు ఒక్క చుట్టు తిరుగదు. వేగము తక్కువ, బలము మిక్కుటము. గట్టు ఎక్కునప్పుడు ఎద్దులు అడుగులో అడుగు వేసి లాగుట వంటిది. రెండు, మూడు గేర్లలో ఈ భేదము క్రమముగా తగ్గును. నాలుగవ గేరులో ముందు షాఫ్టును వెనుక షాఫ్టును ఒకదాని కొకటి నేరుగా తగులుకొనును; ఇంజనుకు ఒక చుట్టు, షాఫ్టుకు ఒక చుట్టు. అప్పుడు పళ్లమీద భారమే యుండదు. అయిదవ గేరు రాట్నము వంటిది. పెద్దచక్ర మొకమారు తిరుగునంతలో కదురు పెక్కు చుట్లు తిరుగును గదా! అట్లే ఇంజను పదిచుట్లు తిరిగిన, షాఫ్టు ఇంచుమించు పండ్రెండు చుట్లు తిరుగును. కాని కదురుతో నూలు వడకవచ్చునే గాని నీళ్లబొక్కెన తోడలేము. అయిదవ గేరుతో మెట్ట ఎక్కుటయు అట్టిదే.

ఈ లెక్కకు పుస్తకము అక్కరలేదు. కారు వెనుక చక్రములలో ఒకదానిని జాకీతో లేపి, రెండవదానిని నేలమీదనే యుంచి, ముందుచక్రములకు రాళ్లు అడ్డువేసి, గేరు తప్పించి, లేపిన చక్రమును సరిగా రెండు చుట్లు త్రిప్పవలెను. ఒక చక్రము కదలక నిలిచియుండుటచేత రెండవదాని రెండు చుట్లు లోపలి పెద్దపళ్లెమునకు ఒక చుట్టుతో సమానము. ఆ లోపల నడుమ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగెనో సుద్దగీత పెట్టి లెక్కించిన వెనుక ఇరుసు నిష్పత్తి తేలును. మా బండికి నాలుగు దాటి అయిదునకు లోపల నిలిచినది. పిదప టైరుపై గీత పెట్టి బండిని ఒక చుట్టు నడిపి నేలమీద కొలిచితిమి. రెండు మీటర్లకు కొంచెము పైగా వచ్చినది. గంటకు ఎనుబది కిలోమీటర్లనగా నిమిషమునకు 1,333 మీటర్లు. చక్రము నిమిషమునకు 650 చుట్లు తిరుగవలెను. దానిని ఇరుసు నిష్పత్తితో హెచ్చింపగా ఇంజనుకు సుమారు 3,000 చుట్లు. అయిదవ గేరులో పదికి పండ్రెండు చొప్పున చూచిన 2,500 చుట్లు చాలును. తగ్గిన ఆ అయిదువందల చుట్లే అన్నగారి చెవులకు దక్కిన శాంతి.

ఇంగ్లండులో ఈ పని ఎంతో కాలముగా సాగుచున్నది. 1962 మొదలు 1980 వరకు తయారైన ఎం.జి.బి. అను కారునకు నాలుగే గేర్లు. అచటి అభిమానులు ఫోర్డు సియెర్రా కారులోని 'టైపు తొమ్మిది' అను గేరుపెట్టెను దానికి తగిలింతురు. సియెర్రా వచ్చినది 1982లో. ఆ పెట్టె మొదటి గేరు 3.65, నాలుగవది 1, అయిదవది 0.82. మోరిస్ మైనరు కార్లకును ఆ పెట్టెనే వాడువారు పలువురు. మా కారు ఇంజనును ఎం.జి.బి. ఇంజనును 'బి' వరుస అను ఒకే వంశములోనివి. అయినను వారికొరకు చేసిన పలకలు మనకు సరిపోవునని నమ్మరాదు. దాయాదులైనంత మాత్రమున ఒకరి చెప్పులు మరొకరికి పట్టవు గదా!

మన దేశములో 1990 దశకమున హిందూస్థాన్ మోటార్సు వారే ఇసుజు నమూనా 1.8 లీటర్ల ఇంజనుతోను అయిదు గేర్లతోను అంబాసిడరును అమ్మిరి. కొందరు పాతబండిలో ఆ ఇంజనును పెట్టెను రెండింటిని దింపుదురు. ఇంజను మారిన దాని నంబరు మారును. రిజిస్ట్రేషను కాగితములు మార్పించుకొనవలెను. నాకు పాత ఇంజనుమీద మమకార మొకటి కలదు. వెనుక ఇరుసు నిష్పత్తినే మార్చుమని మరియొకరు చెప్పిరి. అది చౌక, కాని అన్ని గేర్లును ఒక్కసారిగా బరువెక్కి, నిండుబండి మెట్టమీద ఆగినచో మరల కదలుట కష్టమగును. కావున శిథిలమైన ఇసుజు అంబాసిడరునుండి గేరుపెట్టెను మాత్రము కొంటిని. అందులో ముందుకుపోవు గేర్లన్నిటికి సింక్రోమెషు కలదు. పాతపెట్టె మొదటి గేరునకు అది లేనందున, బండి పూర్తిగా నిలువక మొదటి గేరు వేసిన పళ్లు గరగర లాడెడివి.

పెట్టె కొనుట సులువు. చిక్కంతయు దాని చుట్టుపట్లనే. ఇంజను వెనుక భాగమునకు పెట్టె ముందుభాగమునకు మరల తూట్లు కలియవు. నడుమ ఒక పలక తయారు చేయింపవలెను. ఆ పలక తూట్లు కలిసినంతమాత్రాన చాలదు; ఇంజను నడికేంద్రమును పెట్టె నడికేంద్రమును ఒక్క గీతలో నుండవలెను. డయల్ గేజితో చుట్టు త్రిప్పి చూచినప్పుడు అంగుళములో వేయింట అయిదు వంతులకు మించి ముల్లు కదలరాదని పనివారి లెక్క. ఈ సూక్ష్మమును చూడక బిగించిన పెట్టెలు కొన్ని నెలలకే ముందు బేరింగు పోగొట్టుకొనును. ఇంజను షాఫ్టు చివర రంధ్రములో కంచు బుష్షు ఒకటి యుండి పెట్టె షాఫ్టు కొనకు ఆధారమగును. దానిని క్రొత్తకొలతకు లేతుమీద తీయించి, నూనెలో నానబెట్టి దించవలెను. క్లచ్చిపళ్లెము వెడల్పు ఇంజనుకు సరిపోవలెను, దాని నడిమి గాళ్లు పెట్టెకు సరిపోవలెను. మాకు పెట్టె వెలకంటె లేతుపనికే ఎక్కువైనది.

ఇక నా పొరపాటు. క్రొత్తపెట్టె పొడవు వేరగుటచేత నడుమ షాఫ్టును కోసి, కొలతకు తెచ్చి, మరల అతికించి, తూకము సరిచూపింపవలెను. మేము పని అప్పగించిన షెడ్డులో కారును జాకీలమీద లేపి, వెనుక ఇరుసు వ్రేలాడుచుండగా కొలత తీసిరి. నేను ప్రక్కనే నిలిచియుంటిని. భుజకోటి కర్ణముల లెక్క పిల్లలకు నేర్పినవాడను. ఆనాడు అది నా బుద్ధికి తోచలేదు. ఇరుసు క్రిందికి వ్రేలాడునప్పుడు పెట్టెకు ఇరుసునకు నడిమి దూరము కర్ణము. బండి నేలమీద నిలిచినప్పుడు ఇంచుమించు భుజము. కర్ణము భుజముకంటె పొడవు. ఆ కొలతతో చేసిన షాఫ్టు పొడవు ఎక్కువైనది. ఖాళీబండి చక్కగానే నడచినది. రెండవ వారము అన్నగారు, వదినగారు, నేను, డ్రైవరు, మందులపెట్టె, మంచినీళ్ల డబ్బాలతో తిరిగివచ్చుచుండగా వంతెన దిగువ గుంటలో బండి దిగబడి లేచినది. స్ప్రింగులు అణగి ఇరుసు పైకి వచ్చుటతో షాఫ్టు ముందుకు జరుగుటకు చోటులేక పెట్టె వెనుక సీలును పగులగొట్టినది. నూనె అంతయు రోడ్డుపాలు. రాత్రి తొమ్మిది గంటలు. రెండుగంటలు ఆ రోడ్డుప్రక్క కూర్చుంటిమి. అన్నగారు నన్ను ఒక్కమాట యనలేదు. "చలిగా నున్నదిరా, తలుపు వేయి" అని మాత్రమనిరి. ఆ మాట నాకు తిట్టుకంటె ఎక్కువగా తగిలినది.

తరువాత మరియొక మేస్త్రి బండిని నాలుగు చక్రములమీద నిలిపి, లోపల మనుష్యులను కూర్చుండబెట్టి, మరల కొలత తీసెను. షాఫ్టు ముందుకొన పెట్టెలో పూర్తిగా దిగక, లోనికి జరుగుటకు ఇంకను ఒక అంగుళము చోటుండునట్లు చేసెను. పెట్టె వెనుక షాఫ్టు వాలును ఇరుసు ముక్కు వాలును సమానముగా నున్నవో లేవో కోణము కొలిచి చూచెను. అవి అసమానమైన అరువది దాటగానే బండి అడుగున వణకు పుట్టును.

పాతబండిలో గేరుకర్ర స్టీరింగు ప్రక్కన నుండెడిది. క్రొత్తపెట్టెకు కర్ర క్రిందినుండి లేచును. మొదటి షెడ్డువారు నేలరేకును గ్యాసుతో కోయుదుమనిరి, నేను ఒప్పుకొనలేదు. దీనికి కారణము కలదు. 2021లో కేంద్ర మోటారు వాహన నియమములలో పురాతన వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను చేర్చబడినది. మొదటి రిజిస్ట్రేషనునుండి యేబది యేండ్లు దాటి, చట్రము, పైశరీరము, ఇంజను మార్పులేక, మూలరూపముననున్న బండ్లకే అది వర్తించును. మా బండికి 2027లో యేబది నిండును. గేరుపెట్టె పేరు ఆ జాబితాలో లేదు గాని, రేకు కోసిన అది శరీరమును మార్చుటయే. అదృష్టవశమున మా బండిలో ఆ చోట మరలతో బిగించిన మూతరేకు ఒకటి కలదు. దానిని విప్పి దాచి, అదే మందము గల క్రొత్తరేకునకు తూటు పెట్టించితిమి. పెట్టెను మోయు కమ్మికూడ చట్రమునందలి పాత తూట్లకే బిగించితిమి. ఎక్కడను వెల్డింగు లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తారుమారగునట్లు బండిని మార్చరాదని చెప్పుచున్నది. కావున ఇట్టి పని తలపెట్టువారు ముందుగా రవాణా కార్యాలయములో అడిగి చేసికొనుట మంచిది.

నూనె విషయమై ఒక్కమాట. ఇరుసులో పోయు నూనెను ఆలోచింపక పెట్టెలో పోయరాదు. అందలి కొన్ని మందులు సింక్రోమెషు ఇత్తడి కడియములను తినివేయును. పెట్టెకు చెప్పిన నూనెనే పోయవలెను.

పెట్టె మారిన స్పీడోమీటరు నిజము చెప్పదు. దానిని సరిచేయించు వరకు నేను కిలోమీటరు రాళ్లనే నమ్మితిని. ఒక రాతినుండి మరియొక రాతికి ఎన్ని సెకండ్లు పట్టెనో చూచి, 3,600ను ఆ సంఖ్యచే భాగించిన గంటకు వేగము వచ్చును. అరువది సెకండ్లైన అరువది, నలుబదియైదైన ఎనుబది. అన్నగారు చేతి గడియారము చూచుచు ఈ లెక్క తామే కట్టెదరు. దారి తెలియకుండ గడచును.

అయిదవ గేరును అరువది కిలోమీటర్లకు లోపల వేయవద్దని డ్రైవరునకు కట్టడి చేసితిని. అంతకు తక్కువ వేగములో వేసిన ఇంజను మూలుగును, బేరింగులకు చేటు. మెట్ట కనబడగానే నాలుగుకు దిగవలెను. ఇప్పుడు తిరుగుప్రయాణములో అన్నగారు చెవులు మూసికొనుట లేదు, తరచు నిద్రపోవుచున్నారు. పాత గేరుపెట్టెను మూతరేకుతో సహా నూనెరాచి, గోనెపట్టాలో చుట్టి, గాదెగదిలో బల్లమీద పెట్టితిని. నెలకొకమారు దాని షాఫ్టును చేతితో నాలుగుచుట్లు త్రిప్పి వచ్చుచున్నాను.