పాట ఉచితమే, కానీ ఎవరిచ్చారు? – అపోహలు, వాస్తవాలు

సిరిసిల్ల సాంచాల షెడ్లలో, జగిత్యాల, కోరుట్ల వాడల్లో బీడీలు చుట్టే చోట, గల్ఫ్‌లో మనవాళ్లుండే క్యాంపు గదుల్లో పాట లేనిదే పొద్దుపోదు. ఒకప్పుడు మొబైల్ షాపుకు పోయి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకునేవాళ్లం. ఇప్పుడు చట్టబద్ధంగా, పైసా కట్టకుండా వినే దారులు చాలా ఉన్నాయి. అయినా అపోహల వల్ల కొందరు దొంగ సైట్ల పాలవుతున్నారు, కొందరు డబ్బు పోగొట్టుకుంటున్నారు.

అపోహ: ఉచితంగా దొరికే పాటలన్నీ దొంగ పాటలే.

వాస్తవం: కాదు. యూట్యూబ్, స్పాటిఫై, జియోసావన్‌లలో ప్రకటనలతో పాటలు ఉచితంగా వినొచ్చు. ఆ ప్రకటనల రాబడిలో హక్కుదారులకు వాటా పోతుంది. ప్రసార భారతి వారి న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి తెలుగు కేంద్రాల ప్రసారాలు కూడా ఉచితమే. అనుమతి లేకుండా సినిమా పాటలను డౌన్‌లోడ్‌కు పెట్టే సైట్లు మాత్రం పాడినవారికి గానీ రాసినవారికి గానీ రూపాయి ఇవ్వవు.

అపోహ: పాత పాటలకు హక్కులుండవు, ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: మన సినారె పాటనే చూడండి. ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో 1931లో పుట్టిన డాక్టర్ సి. నారాయణరెడ్డి, 1962లో వచ్చిన ‘గులేబకావళి కథ’తో సినిమా పాటల రచన మొదలుపెట్టారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుకు రక్షణ, అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. అంటే 1962లో విడుదలైన రికార్డింగు గడువు 2022తో ముగిసింది. పాట సాహిత్యం లెక్క వేరు. దానికి కవి జీవితకాలం, ఆపై మరో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. సినారె 2017లో కన్నుమూశారు కాబట్టి ఆయన రాసిన పాటల సాహిత్యంపై హక్కు 2077 చివరిదాకా ఉంటుంది. ఒకే పాటలో రికార్డింగు, సాహిత్యం, బాణీ మూడూ వేర్వేరు హక్కులు.

అపోహ: జానపదం ఊరందరిదీ. ఎవరి వీడియోనైనా మన ఛానల్‌లో పెట్టుకోవచ్చు.

వాస్తవం: తరతరాలుగా వస్తున్న బతుకమ్మ పాట ఊరందరిదే, మీరూ పాడుకోవచ్చు. కానీ ఒక కళాకారిణి స్టూడియోలో పాడి రికార్డు చేసిన పాటపై, తీసిన వీడియోపై హక్కు వాటి నిర్మాతలది. జానపద బాణీలో కొత్తగా రాసిన పాటకైతే రచయిత హక్కు కూడా ఉంటుంది. కరీంనగర్ ప్రాంతంలో ఎందరో యువ కళాకారులు యూట్యూబ్ రాబడి మీదే నిలబడుతున్నారు. వారి పాటను ఎత్తుకొచ్చి పెట్టడమంటే వారి కూలి ఎగ్గొట్టడమే.

అపోహ: పది సెకన్లే వాడినా, కింద పేరు వేసినా తప్పులేదు.

వాస్తవం: ఇన్ని సెకన్లు వాడుకోవచ్చని చట్టంలో ఎక్కడా లేదు. పేరు వేయడం మర్యాదే గానీ అనుమతి కాదు. మీ వీడియోకు సంగీతం కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోనో, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఇచ్చిన పాటల్లోనో వెతకండి. ఆ లైసెన్సుల్లో కొన్ని వ్యాపారానికి వాడుకోనివ్వవు. షరతు చదివాకే తీసుకోండి.

అపోహ: ఒకసారి ఉచితమంటే ఎప్పటికీ ఉచితమే.

వాస్తవం: పాటల యాప్‌లనే చూడండి: గానా 2022లో ఉచిత సేవ ఆపి చందాదారులకే పరిమితమైంది. రెస్సో 2024 జనవరితో మనదేశంలో మూతపడింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన వింక్ మ్యూజిక్‌ను ఆపేసింది. యాప్‌లో దాచుకున్న పాటలు ఆ చందా ఉన్నంతకాలమే వినపడతాయి. ‘మూడు నెలలు ఉచితం’ అనే ఆఫర్ తీసుకుంటే సాధారణంగా యూపీఐ ఆటోపే ఒప్పించుకుంటారు. గడువు తీరగానే ఖాతాలోంచి డబ్బు కట్ అవుతుంది. ముందురోజే సందేశం రావాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. ఆ సందేశాన్ని చదవకుండా వదిలేయొద్దు. అక్కర్లేదనుకుంటే చందాను, ఆటోపేను ముందే రద్దు చేసుకోండి. గల్ఫ్‌కు పోయేవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి: ధరలు, ఆఫర్లు దేశాన్ని బట్టి మారతాయి, ఇక్కడిది అక్కడ చెల్లకపోవచ్చు.

అపోహ: కొత్త ఆఫర్లు వాట్సాప్ గ్రూపులోనే ముందు తెలుస్తాయి.

వాస్తవం: అక్కడ ముందు వచ్చేవి చాలాసార్లు మోసపు లింకులు. ‘ఏడాది ప్రీమియం ఫ్రీ’ అంటూ వచ్చే ఏపీకే (యాప్) ఫైలును ఇన్‌స్టాల్ చేస్తే మీ ఓటీపీలు దొంగ చేతికి పోవచ్చు. అసలైన ఆఫర్ ఏదైనా ఆ సంస్థ యాప్‌లోనో, మీ సిమ్ కంపెనీ యాప్‌లోని రీచార్జి ప్లాన్ వివరాల్లోనో కనిపిస్తుంది. రీచార్జి చేసుకునేటప్పుడు అక్కడ ఓసారి చూస్తే చాలు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఉచిత పాట కోసం దొంగ దారి తొక్కాల్సిన అవసరం ఈరోజు ఎవరికీ లేదు. ఏ పాట లింకునైనా నొక్కే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరిస్తున్నారు? ఎన్నాళ్లు? బదులుగా నా నుంచి ఏం తీసుకుంటున్నారు? జవాబు దొరక్కపోతే ఆ లింకును వదిలేయండి. మన ప్రాంత కళాకారుల పాటలను వారి సొంత ఛానల్‌లోనే వినండి.