నాన్న రాలేదా?

బాలుర పరిశీలన గృహం గుమ్మం ముందు ఒక తల్లి నిలుచున్నది. చేతిలో గుడ్డసంచి, అందులో కుమారునికై వండి తెచ్చిన అరిసెలు. వాటిని లోనికి పోనిస్తారో లేదోనని ఆమెకు బెంగ. బిడ్డ ఎదుటపడితే ఏమని పలకరించడమన్నది అంతకంటె పెద్ద బెంగ.

పదునెనిమిదేండ్లు నిండని బిడ్డపై నేరారోపణ వచ్చినా, అతనిని పోలీసు లాకప్పులోగాని, జైలులోగాని ఉంచరాదని 2015 నాటి బాలల న్యాయ చట్టం శాసించినది. బెయిలు లభించేవరకో, విచారణ ముగిసేవరకో ఇటువంటి గృహమే అతనికి నివాసం. విచారించే మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సంఘసేవకులు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ కావలెను. బాలుని పేరుగాని, బొమ్మగాని పత్రికలలో ప్రకటించరాదు. నేరం రుజువైనా, ఆ మచ్చ అతని భావిజీవితానికి అడ్డురాకూడదన్నదే సాధారణ నియమం.

పత్రికలు దాచిన పేరును ఊరు దాచలేదు. నలుగురిలో తలవంపులు తెచ్చినాడని తండ్రి గడప దాటి రాలేదు. ఎదుట కూర్చున్న కుమారుడు అరిసెల వంక చూడనైనా లేదు.

"నాన్న రాలేదా అమ్మా?"

బిడ్డను తిరిగి కుటుంబానికి అప్పగించడమే చట్టం ఆశయం. అయితే ఆ ఇంటి తలుపు తీయవలసినవాడు తండ్రి. "ఈసారి తీసుకొస్తాను నాయనా" అని తల్లి మాట యిచ్చినది. సాయంత్రం బస్సు దిగి ఇల్లు చేరగానే, ఆమె వాదించవలసిన అసలు వ్యాజ్యం మొదలవుతుంది.