ఈ కత్తిది ఏ ఊరు?

లండన్‌లో మా పక్కింటి టర్కీ తాతగారు ఓ రోజు ముత్తాత కత్తి తీసి మా అబ్బాయికి చూపించారు. "ఇస్తాంబుల్‌లో చేసిందే కదా?" అని నన్నడిగారు. నాది కంప్యూటర్ ఉద్యోగమే కానీ, మ్యూజియంలో కత్తుల దగ్గర ఆగిపోయే పిచ్చి ఉంది.

పిడి చివర పిస్తోలు పిడిలా వంగింది. అది ఒట్టోమన్ పద్ధతే. చిక్కల్లా బ్లేడుతోనే! టర్కీ 'కిలిచ్' కత్తులు చాలావరకు మొన దగ్గర వెడల్పవుతాయి. ఆ భాగం పేరు 'యల్మాన్'. ఇదేమో మొనదాకా సన్నబడుతూనే పోయింది. అంటే ఇరాన్ 'షంషేర్' తీరు. ఇరాన్ బ్లేడుకు తమ పిడి బిగించుకోవడం ఒట్టోమన్లకు మామూలే.

బ్లేడు మీద నీటి అలల్లాంటి చారలు కూడా ఉన్నాయి. మూసలో కరిగించిన ఉక్కుకు వచ్చే గుర్తది. అలాంటి ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారని 1832లో అచ్చయిన వాయ్‌సీ వ్యాసంలో ఉంది.

"అయితే మనదేనా నాన్నా?" అన్నాడు మావాడు.

"చెప్పలేంరా, ఇరాన్‌లోనూ ఆ ఉక్కు చేసేవారు."

తాతగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇదంతా మనవడి కోసం కాగితం మీద రాసిమ్మన్నారు. పిడి సంగతి మాత్రం ముందు రాయమన్నారు.