ఈద్‌గాహ్ గడ్డికి పెట్రోలు యంత్రమా, బ్యాటరీ యంత్రమా?

మాదన్నపేట గల్లీలలో ఇంటి ముందు పచ్చిక పెంచుకోగల కుటుంబాలు అరుదు. గడ్డి కోత మనకు ఇంటి సమస్య కాదు. ఈద్‌గాహ్‌కు, ఖబరస్తాన్‌కు సంబంధించిన సమస్య. కుతుబ్ షాహీల చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాకు మంత్రిగా ఉన్న మాదన్న పేరు నిలుపుకున్న ఈ పేటలో పాత ఈద్‌గాహ్ ఉంది. పండుగ నమాజుకు అక్కడ జనం బారులు తీరుతారు. నాలుగు వానలు పడితే అటువంటి మైదానంలో గడ్డి లేవడానికి ఎంతో కాలం పట్టదు.

వెనుకటి రోజుల్లో ఈ పని కొడవలితో జరిగేది. కోసిన గడ్డి మేకలకు, బర్రెలకు పోయేది. కూలి ఒక పేద ఇంటికి చేరేది. ఆ పద్ధతి నేటికీ చెడ్డదేమీ కాదు. అయితే భుజానికి తగిలించుకునే పెట్రోలు యంత్రం వచ్చాక కొడవలి వెనుకబడింది. పాత యంత్రం పాడైనచోట దాని బదులు బ్యాటరీతో నడిచేది కొనడం మేలని మా అభిప్రాయం.

మొదటి కారణం మన పండుగల లెక్కలోనే ఉంది. హిజ్రీ సంవత్సరం సూర్యమాన సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు చిన్నది. 2016లో బక్రీద్ సెప్టెంబరు 13న, నిండు వానాకాలంలో వచ్చింది. 2025లో జూన్ 7నే వచ్చింది. ఇకపై కొన్నేళ్ళు రెండు పండుగలూ వానలకు ముందే వస్తాయి. అంటే ఈద్‌గాహ్‌లో యంత్రానికి పండుగ ముందు పని తక్కువ, మూల గదిలో విశ్రాంతి ఎక్కువ. టాంకులో నెలల తరబడి నిలిచిన పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటర్‌ను మూసేస్తుంది. తీరా అవసరమైన రోజున తాడు ఎంత లాగినా ఇంజను పలకదు. బ్యాటరీ యంత్రానికి ఈ బెడద లేదు.

రెండవది, యంత్రం పట్టుకున్న మనిషి ఆరోగ్యం. ఇది మొదటిదానికన్నా పెద్దది. టూస్ట్రోక్ ఇంజనులో లీటరు పెట్రోలుకు 20 నుంచి 40 మిల్లీలీటర్ల నూనె కలుపుతారు. ఆ మిశ్రమంలో కొంత కాలకుండానే పొగతోపాటు బయటికి వస్తుంది. అది చేరేది ముందుగా ఆ కూలివాని ముక్కుకే. అమెరికాలోని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి లెక్క ప్రకారం, వాణిజ్య పనులకు వాడే పెట్రోలు కోత యంత్రం ఒక గంట నడిస్తే, పొగమంచుకు కారణమయ్యే కాలుష్యం ఒక కొత్త కారు సుమారు 480 కిలోమీటర్లు తిరిగినంత. ఇక శబ్దం చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాకా పోగలదు. 85 డెసిబెల్స్‌ను ఎనిమిది గంటలు భరించవచ్చని నిపుణులు చెబుతారు. 100 వద్ద ఆ గడువు 15 నిమిషాలే. జనాజా వచ్చిన వేళ ఖబరస్తాన్‌లో ఆ రొద ఎలా ఉంటుందో పాఠకులకు చెప్పనవసరం లేదు.

బ్యాటరీ అనగానే కాలుష్యం మాయమైనట్లు కాదు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. కానీ ఖర్చయ్యేది బహు తక్కువ: 40 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ల బ్యాటరీని ఐదారుసార్లు నింపితే ఒక యూనిట్.

చందా డబ్బుతో కొనేటప్పుడు ఈ గుణకారమే చూడాలి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వోల్టులను చూసి మోసపోరాదు. వోల్టులను ఆంపియర్ అవర్లతో హెచ్చవేస్తేనే అసలు శక్తి తెలుస్తుంది. ఒక బ్యాటరీ మామూలుగా అరగంట, ముప్పావు గంట నడుస్తుంది కనుక రెండు ఉండాలి. రోజంతా కోయవలసిన విశాలమైన ఖబరస్తాన్‌కు మాత్రం ఇప్పటికీ పెట్రోలు యంత్రమో, నలుగురు కూలీలో తప్పకపోవచ్చు. యంత్రం ఏదైనా రాళ్ళు ఎగురుతాయి. కళ్ళద్దాలు, బూట్లు లేకుండా ఎవరినీ పనిలోకి దింపరాదు.

వాడని నెలల్లో బ్యాటరీని సగం నింపి, ఎండ తగలని చోట ఉంచాలి. పిల్లలు నిద్రించే మదరసా గదిలో రాత్రంతా ఛార్జింగు పెట్టరాదు. ఉబ్బిన బ్యాటరీని చెత్తబండిలో వేస్తే నిప్పంటుకోవచ్చు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని సేకరించే బాధ్యత తయారీదారులదే. తిరిగి ఎక్కడ తీసుకుంటారో కొనేరోజునే దుకాణదారును అడిగి, రసీదు మీద రాయించుకోవాలి.