డాట్‌నెట్ వెర్షను విధాన ఫైళ్ళు

డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్కులో ఒక ప్రోగ్రాము తనకు అవసరమైన సాఫ్టువేరు భాగాలను ఏ వెర్షనులో వాడుకోవాలో నిర్దేశించే కాన్ఫిగరేషను ఫైళ్ళను వెర్షను విధాన ఫైళ్ళు అనవచ్చును. ఇవి ఎక్స్‌ఎంఎల్ భాషలో వ్రాసిన సాధారణ పాఠ్య ఫైళ్ళు. ప్రోగ్రామును తిరిగి కంపైలు చేయకుండానే, నోట్‌ప్యాడు వంటి ఉపకరణంతో వీటిని మార్చవచ్చును.

నేపథ్యం

విండోస్‌లో అనేక ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకొనే భాగాలను డీఎల్‌ఎల్ ఫైళ్ళు అంటారు. పూర్వం వీటిని ఎక్కువగా సిస్టమ్ ఫోల్డరులో ఉంచేవారు. ఒకే పేరుతో ఒకే ఫైలు ఉండగలదు గనుక, క్రొత్త ప్రోగ్రామును స్థాపించినపుడు దానితో వచ్చిన డీఎల్‌ఎల్ పాతదానిని చెరిపివేసేది. ఫలితంగా అంతవరకు చక్కగా నడుస్తున్న మరొక ప్రోగ్రాము నిలిచిపోయేది. ఈ బాధకే "డీఎల్‌ఎల్ నరకం" అని పేరు వచ్చింది.

మైక్రోసాఫ్ట్ 2002లో విడుదల చేసిన డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్కు దీనికి ఒక పరిష్కారం చూపింది. ఇందులో ప్రతి భాగాన్ని అసెంబ్లీ అంటారు. పేరు, నాలుగు అంకెల వెర్షను, సంస్కృతి (అనగా భాషా ప్రాంతం), ప్రచురణకర్త తాళపు గుర్తు - ఈ నాలుగింటినీ కలిపి దృఢనామం అంటారు. దృఢనామం గల అసెంబ్లీల వేర్వేరు వెర్షనులు గ్లోబల్ అసెంబ్లీ క్యాష్ అనే ఉమ్మడి భాండారంలో ప్రక్కప్రక్కనే ఉండగలవు. ప్రోగ్రాము ఏ వెర్షనుతో తయారైనదో సహజంగా దానినే కోరుతుంది.

విధానపు మూడు అంచెలు

ఒక అసెంబ్లీ 1.0.0.0 వెర్షనులో లోపం ఉండి, దానిని సరిదిద్ది 1.0.1.0 వెర్షను విడుదల చేశారనుకొందాం. పాత ప్రోగ్రాము ఇంకా 1.0.0.0నే అడుగుతుంది. దానిని క్రొత్త వెర్షనుకు మళ్ళించే నిర్ణయం ముగ్గురిలో ఎవరైనా తీసుకోవచ్చును.

మొదటిది ప్రోగ్రాము కాన్ఫిగరేషను ఫైలు. ఇది ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులోనే, ప్రోగ్రాము పేరుకు చివర డాట్ కాన్ఫిగ్ చేర్చిన పేరుతో ఉంటుంది. దీని ప్రభావం ఆ ఒక్క ప్రోగ్రాముకే పరిమితం.

రెండవది ప్రచురణకర్త విధానం. అసెంబ్లీని తయారుచేసినవారు తమ ఎక్స్‌ఎంఎల్ ఫైలును మరొక అసెంబ్లీగా మార్చి, అదే తాళంతో సంతకం చేసి, ఉమ్మడి భాండారంలో ఉంచుతారు. ఆ భాగాన్ని వాడే ప్రోగ్రాములన్నిటికీ ఇది వర్తిస్తుంది. అయితే ఏ ప్రోగ్రామైనా తన ఫైలులో "నాకు వద్దు" అని దీనిని నిరాకరించవచ్చును.

మూడవది యంత్రపు కాన్ఫిగరేషను ఫైలు, అనగా మెషీన్ డాట్ కాన్ఫిగ్. దీనిని కంప్యూటరు నిర్వాహకుడు మారుస్తాడు. పరిశీలన ఇదే వరుసలో జరుగుతుంది. ఒక అంచె తేల్చిన వెర్షనును తరువాతి అంచె మరల మార్చగలదు. కావున చివరి మాట నిర్వాహకునిదే. దానిని ఏ ప్రోగ్రామూ నిరాకరించలేదు.

ఫైలులో వ్రాయవలసినది

మళ్ళింపు వివరాలు రన్‌టైమ్ విభాగంలోని అసెంబ్లీ బైండింగ్ అనే మూలకంలో ఉంటాయి. అందులో అసెంబ్లీ పేరు, తాళపు గుర్తు, సంస్కృతి వ్రాసి, బైండింగ్ రీడైరెక్ట్ అనే మూలకంలో పాత వెర్షను, క్రొత్త వెర్షను ఇవ్వాలి. పాత వెర్షను స్థానంలో 1.0.0.0-1.0.0.9 వంటి శ్రేణిని కూడా ఇవ్వవచ్చును. మళ్ళింపు ద్వారా మారేది వెర్షను మాత్రమే. పేరు గాని తాళం గాని మారవు.

జాగ్రత్తలు

క్రొత్త వెర్షను పాతదానివలెనే పనిచేస్తుందా అన్నది మళ్ళింపు పరీక్షించదు. అది ఫైలును వ్రాసినవారు ఇచ్చే హామీ మాత్రమే. క్రొత్త వెర్షనులో ఒక ఫంక్షను తొలగించి ఉంటే, ప్రోగ్రాము మొదలై, ఆ ఫంక్షను అవసరమైన క్షణంలో విఫలమవుతుంది. కావున ఒక ప్రోగ్రాముకు సరిపోయే మార్పును యంత్రపు ఫైలులో చేయరాదు. అక్కడ చేసిన పొరపాటు ఏ సంబంధమూ లేని ప్రోగ్రాములను కూడా నిలిపివేయగలదు.

ఎక్స్‌ఎంఎల్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉంటుంది. ఒక్క మూలకం మూయకపోయినా ప్రోగ్రాము మొదలుకాకపోవచ్చును. అందుచేత మార్చేముందు ఫైలుకు నకలు తీసి ఉంచుకోవాలి. 64 బిట్ల విండోస్‌లో 32, 64 బిట్ల ప్రోగ్రాములకు వేర్వేరు యంత్రపు ఫైళ్ళు ఉంటాయి. ఒకదానిలో చేసిన మార్పు రెండవదానికి వర్తించదు. వెబ్ అనువర్తనాలలో వెబ్ డాట్ కాన్ఫిగ్‌ను భద్రపరచగానే అనువర్తనం పునఃప్రారంభమవుతుంది. అప్పటికి పని చేసుకొంటున్నవారి సెషను వివరాలు దాని మెమరీలోనే ఉన్నచో పోతాయి. ఏ వెర్షనును ఎక్కడ వెదకినదీ, ఎందుకు దొరకనిదీ తెలుసుకొనడానికి ఫ్యూజన్ లాగ్ వ్యూయర్ అనే ఉపకరణం తోడ్పడుతుంది.

తరువాతి పరిణామాలు

2016లో వచ్చిన డాట్‌నెట్ కోర్‌లో ఉమ్మడి భాండారాన్ని, ఈ మళ్ళింపులను విడిచిపెట్టారు. అందులో ప్రతి ప్రోగ్రాము తన భాగాల జాబితాను వెంట తెచ్చుకొంటుంది. 2020లో వెలువడిన డాట్‌నెట్ 5 కూడా ఈ మార్గంలోనిదే. పాత ఫ్రేమ్‌వర్కులో చివరి వెర్షను 4.8.1 (2022). దానిపై ఆధారపడిన ప్రోగ్రాములు నడిచినంతకాలం ఈ ఫైళ్ళ అవసరం ఉంటుంది.